ఆ అమ్మాయి చావదు

ఉప్పు వాసన. చెంప కింద చల్లటి బురద.

గాలి.

మెల్‌బోర్న్ పక్కనున్న బే మీంచి వచ్చే గాలి. వెరిబీ కాలీఫ్లవర్ తోటల మీదుగా, పాయింట్ కుక్ కొత్త ఇళ్ల మీదుగా, ఎవరినీ అడక్కుండా లోపలికి వచ్చేసే గాలి.

ఉమ కదలకూడదు.

ఉమ చచ్చిపోయి ఉంది.

"ఊపిరి కనిపిస్తోంది," అన్నాడు డైరెక్టర్. "చలికి నోట్లోంచి ఆవిరి వస్తోంది. కాస్త ఆపుకోగలవా, లవ్?"

ఆపుకుంది.

చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో ఉల్లంకి పిట్టలు బురదలో ముక్కులు గుచ్చుకుంటూ తిరుగుతున్నాయి. ఎక్కడో సైబీరియాలో బయల్దేరి, జపాన్ తీరం మీద కాస్త ఆగి, ఇక్కడికొచ్చి వాలిన పిట్టలు. వాటికి శవమంటే భయం లేదు. ఒకటి ఆమె చేతివేళ్ల దాకా వచ్చి, తల వాల్చి చూసి, వెళ్లిపోయింది.

ఆమె మీదుగా నిలబడి డిటెక్టివ్ వేషం వేసినాయన తన విడాకుల గురించి మాట్లాడుతున్నాడు. గొంతు వణికించాడు. కళ్లు తుడుచుకున్నాడు. కట్ చెప్పగానే అందరూ చప్పట్లు కొట్టారు. బాగానే చేశాడు మరి.

ఆమెని లెమ్మని ఎవరూ చెప్పలేదు.

మర్చిపోయారు.

కాసేపు చూసి... తనే లేచింది.

*

ఉమ నాన్న ద్వారకానాథ్ కాకినాడ మనిషి. రోడ్డు వేసేముందు దాని కింది మట్టి ఎంత బరువు మొయ్యగలదో చూసి చెప్పే ఇంజినీరు. అమ్మ చిజుకో. జపాన్‌లోని హొక్కైడో నుంచి వచ్చి, మెల్‌బోర్న్ పడమటి శివార్లలో హైస్కూలు పిల్లలకి జపనీస్ చెప్పేది. ఇద్దరూ యూనివర్సిటీలో కలిశారు. ఇద్దరికీ ఇంగ్లీషు పరాయిదే. ఆ పరాయి భాషలోనే ప్రేమించుకున్నారు, పోట్లాడుకున్నారు, ఇల్లు కట్టుకున్నారు.

బిడ్డకి నాన్న వాళ్లమ్మ పేరు పెట్టాడు. ఉమ.

అమ్మ ఒకటే నవ్వింది. ఆమె భాషలో ఉమ అంటే గుర్రం.

"పోనీ వేరే పేరు చూద్దామా?" అన్నాడు నాన్న.

"వద్దు," అంది అమ్మ. "గుర్రం నిలబడే నిద్రపోతుంది. మంచి పేరు."

కేరమ్ డౌన్స్ హిందూ గుడిలో తెలుగు ఆంటీలు ఆ పిల్లతో ఇంగ్లీషులో మాట్లాడేవారు. పిల్ల తెలుగులో జవాబు చెప్పేది. చక్కగా, గోదావరి యాసతో, నాన్న దగ్గర నేర్చుకున్న తెలుగులో. ఆంటీలు ముచ్చటపడి బుగ్గలు పుణికేవారు.

మళ్లీ ఇంగ్లీషులోనే అడిగేవారు.

తెలుగు సంఘంలో ఉగాది నాటకం వేస్తుంటే శేషగిరి అంకుల్ ఆమెకి తెల్ల కోడలి వేషం ఇచ్చారు. సంఘానికి అప్పుడూ ఇప్పుడూ ఆయనే పెద్ద. "నీది ఫారినర్ ఫేస్ కదమ్మా, సరిగ్గా సరిపోతుంది. తెలుగు మాత్రం కొంచెం వచ్చీరానట్టు మాట్లాడు."

వచ్చిన భాషని రానట్టు మాట్లాడింది. హాలంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వు ఆమెకి నచ్చింది కూడా. అప్పుడు ఆమెకి పదకొండేళ్లు. స్టేజి మీద వెలుగు వెచ్చగా ఉంది. ఇంకెక్కడా లేనంత వెచ్చగా.

కారులో ఇంటికి వస్తున్నంతసేపూ నాన్న మాట్లాడలేదు.

*

నటిస్తానంది. నటన చదివింది. ఆడిషన్లకి వెళ్లింది.

ఇండియన్ వేషానికి వెళితే — ఇండియన్‌లా లేవన్నారు.

జపనీస్ వేషానికి వెళితే — జపనీస్‌లా లేవన్నారు.

ఆస్ట్రేలియన్ వేషానికి — పిలవలేదు.

"అసలు మీదెక్కడ?"

"వెరిబీ."

"కాదు, అసలు?"

"వెరిబీ ఆస్పత్రి. కాన్పుల వార్డు."

నవ్వేవాళ్లు. కాగితం మీద ఏదో రాసుకునేవాళ్లు. నెక్స్ట్, అనేవాళ్లు.

ఒకసారి నూడుల్స్ యాడ్‌లో వేషం దొరికింది. అంతా కుదిరాక, ఆఖర్లో అడిగారు. కాస్త జపనీస్ యాస పెట్టు... ర బదులు ల పలుకు... జనం నవ్వాలి.



ఆ యాస ఆమెకి తెలుసు. ఆ యాసలోనే ఆమెకి జోలపాటలు పాడారు. జ్వరమొస్తే నుదుటిమీద చెయ్యి వేసి మాట్లాడిన యాస అది. హైస్కూల్లో ఆకతాయి పిల్లలు వెనక నుంచి వెక్కిరిస్తుంటే, వినపడనట్టు బోర్డు మీద రాసుకుంటూ పోయిన మనిషి యాస.

"చెయ్యను," అంది.

"జోకే కదా?"

"జోకే. చెయ్యను."

ఆ వేషం పోయింది. తర్వాత చాలాకాలం ఏ వేషమూ రాలేదు.

వచ్చినవి కూడా ఎలాంటివి... ట్రే పట్టుకున్న నర్సు. మసాజ్ పార్లర్లో తల వంచుకున్న పిల్ల. వీసా లేక పారిపోయిన పిల్ల. ఆ పిల్ల ఎప్పుడూ పరిగెత్తుతుంది, ఎప్పుడూ దొరుకుతుంది. ఆ తర్వాత శవాలు. కాలువలో, కారు డిక్కీలో, మార్చురీ బల్ల మీద. ఒక సీరియల్లో చేసిన శవాన్ని చూసి ఇంకో సీరియల్ వాళ్లు పిలిచేవారు. కదలదు, రెప్ప వెయ్యదు, చెప్పినట్టు పడుకుంటుంది అని పేరొచ్చింది.

చచ్చిపోవడం ఆమెకి బాగా వచ్చేసింది.

వయసు నలభైకి దగ్గరవుతోంది.

*

బురదలో పడుకున్న ఆ సీను టీవీలో వచ్చిన రోజు ఉమ అమ్మానాన్నల దగ్గరే ఉంది. పాయింట్ కుక్‌లో ఇల్లు. అమ్మ సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చుంది. నాన్న చేతిలో టీ.

తెర మీద బురద. తెర మీద పిట్టలు. తెర మీద ఆమె.

కెమెరా ఆమె పాదాల దగ్గర మొదలై, మెల్లగా, తొందర లేకుండా, ముఖం దాకా వచ్చింది. ముఖం మీద ఆగలేదు. డిటెక్టివ్ మీదికి వెళ్లిపోయింది.

నాన్న కప్పు కింద పెట్టాడు.

"ఆ పిల్లకి పేరేంటమ్మా?"

"ఏ పిల్లకి నాన్నా?"

"అదే... నువ్వేసిన పిల్లకి."

"పేరు లేదు నాన్నా. ఒడ్డున దొరికిన అమ్మాయి. అంతే రాశారు."

నాన్న కాసేపు తెర వైపే చూశాడు. డిటెక్టివ్ కారు నడుపుతున్నాడు. వాన పడుతోంది. సంగీతం.

"పేరు లేకుండా ఎలా పెంచారమ్మా దాన్ని?" అన్నాడు.

అమాయకంగానే అడిగాడు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.

 అమ్మ రిమోట్ తీసి టీవీ ఆపేసింది. నల్లటి తెరలో ముగ్గురూ కనిపించారు... పక్కపక్కనే, కదలకుండా.

ఉమ లేచి వరండాలోకి వచ్చింది. గాలి. పక్కింటి చెత్తడబ్బా మూత టపటపా కొట్టుకుంటోంది. ఆమెకి ఏడుపు రాలేదు. ఒళ్లంతా వేడెక్కింది. ఇన్నేళ్లుగా ఒంట్లో ఎక్కడో దాచుకున్న ఊపిరంతా ఒక్కసారిగా బయటికి వస్తున్నట్టుంది.

పేరు లేకుండా ఎలా పెంచారు?

ఎవరు పెంచారు?

ఆ పొద్దున ఆ పిల్ల ఏం తిని బయల్దేరింది?

*

రాయడం మొదలుపెట్టింది.

పడవలు దించే రేవు దగ్గర కారాపుకుని రాసేది. అద్దాలు పైకెత్తినా గాలి ఈల వేస్తూ లోపలికి వచ్చేది. రాసేది. కొట్టేసేది. రాసేది.

ముందు పేరు పెట్టింది. సుమి. తెలుగింట్లో సుమిత్రని అలాగే పిలుస్తారు. జపాన్‌లోనూ ఆ పేరుంది. రెండు ఇళ్లలోనూ చెల్లే పేరు.

తర్వాత పని ఇచ్చింది. వెరిబీ సౌత్ తోటల్లో బ్రకోలీ కోసుకొచ్చి పెట్టెల్లో సర్దే షెడ్డు. చలికి మొద్దుబారే వేళ్లు. పక్కన నిలబడి పాత ప్రేమల గురించి చెప్పే ఆడవాళ్లు.

తర్వాత చిన్న చిన్నవి ఇచ్చింది. ఆకలి. నోటి దురుసు. డ్రైవింగ్ టెస్టులో ఫెయిలైన కోపం. సీగల్ పక్షులతో పోట్లాడి దక్కించుకున్న వేడి చిప్స్.

ఒకే రోజు కథ. పొద్దున లేస్తుంది, పనికి వెళుతుంది, నవ్వుతుంది, తిడుతుంది. సాయంత్రం ఒడ్డుకి వెళ్లి, పిట్టల్ని దగ్గర్నుంచి చూడాలని బురదలో పడుకుంటుంది. చూస్తుంది.

లేస్తుంది.

ఇంటికి వెళుతుంది.

అంతే.

*

సిటీలో, యారా నది కనిపించే అద్దాల గదిలో, క్లోయీ అనే ఆవిడ ఆ స్క్రిప్టు చదివింది. పేరున్న నిర్మాణ సంస్థలో నిర్ణయాలు తీసుకునే మనిషి. నిజంగానే చదివింది. మార్జిన్లలో గుర్తులు పెట్టుకుంది. ఉమకి కాఫీ తనే కలిపి ఇచ్చింది.

"చాలా నచ్చింది," అంది. "మేం చేస్తాం."

ఉమ కప్పు కింద పెట్టింది.

"చిన్న మార్పు. సుమి పదో నిమిషంలో చనిపోవాలి."

కింద నది. నదిలో ఒక పడవ నెమ్మదిగా వెళుతోంది.

"ఎందుకు?"

"అప్పుడే కదా కథ మొదలవుతుంది? ఎవరు చంపారు, ఎందుకు చంపారు... ఒక లేడీ డిటెక్టివ్‌ని పెడదాం. పేరున్నవాళ్లు దొరుకుతారు. ఆవిడ వెతుకుతుంటే, సుమి గడిపిన ఈ రోజంతా ముక్కలు ముక్కలుగా మనకి తెలుస్తుంది. అద్భుతంగా ఉంటుంది, నిజంగా."

"నేను?"

"మీరే సుమి. ఇంకెవరు చేస్తారు?" క్లోయీ నవ్వింది. మంచి నవ్వే. "ఈ పని మీకంటే బాగా ఎవరికీ రాదని అందరూ అంటారు."

ఉమ కాఫీ కప్పు వైపు చూసింది. ఆ గదిలోకి గాలి రాదు. కిటికీలు తెరుచుకోవు.

"ఆ అమ్మాయి చావదు," అంది.

"ఉమా, ఆలోచించుకోండి. అమ్మాయి చావకపోతే ఇందులో కథేముంది?"

"అదే కథ."

"ఎవరు చూస్తారు?"

"మా నాన్న చూస్తాడు."

ఎగతాళిగా అనలేదు. ఆమెకి అప్పుడు అంతకంటే పెద్ద జవాబు తట్టలేదు.

లిఫ్టులో దిగింది. ఇలాంటి తలుపు మళ్లీ తెరుచుకోదని తెలుసు. వారం తిరక్కుండా, వేషాలు కుదిర్చే ఏజెంటు ఫోన్ చేసి, ఇంక మీ పనులు చూడటం నావల్ల కాదని మర్యాదగా చెప్పాడు. ఆ మాటా విని, ఉమ గిన్నెలు కడగడం పూర్తి చేసింది.

చెయ్యి తుడుచుకుని స్పందనకి ఫోన్ చేసింది.

*

స్పందన వరంగల్ పిల్ల. వారమంతా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, శనాదివారాలు పెళ్లిళ్ల వీడియోలు. సొంత కెమెరా ఉంది. స్క్రిప్టు రైల్లో చదివి, దిగగానే ఫోన్ చేసింది.

"అక్కా, గీమె సచ్చిపోదా ఆఖర్ల?"

"పోదు."

"మంచిగైంది. నేనొస్త."

ఉమే రాసింది. ఉమే నటించింది. షెడ్డు యజమానిని బతిమాలి ఆదివారాలు లోపలికి రానిచ్చేలా ఒప్పించిందీ ఉమే. అందరికీ పులిహోర కలిపిందీ, వాన పడితే కెమెరాకి గొడుగు పట్టిందీ ఉమే. షెడ్డులో నిజంగా పనిచేసే ఆడవాళ్లే షెడ్డులో ఆడవాళ్లుగా నిలబడ్డారు. వాళ్లకి డైలాగులు ఇస్తే పక్కన పడేసి, సొంత మాటలు మాట్లాడుకున్నారు. అవే బాగున్నాయి.

అమ్మానాన్నల వేషాలకి ఎవరూ దొరకలేదు.

"మేం లేమా?" అన్నాడు నాన్న.

అమ్మ మాత్రం భయపడింది. జీవితంలో ఎప్పుడూ కెమెరా ముందు మాట్లాడలేదు. ఒక్కటే పని, అంది ఉమ. సుమి ఒడ్డున పడుకుని పిట్టల్ని చూస్తుంటుంది. నువ్వు వెనకనుంచి వచ్చి పిలవాలి. సుమీ... అని. ఒక్క మాటే. పిలిస్తే నేను లేస్తాను.

సాయంత్రం. ఆటుకి సముద్రం వెనక్కి తగ్గింది. బురద వెండిలా మెరుస్తోంది. ఉల్లంకి పిట్టలు మేస్తున్నాయి.

"గాలి మస్తుగున్నదక్కా," అంది స్పందన. "మాట రికార్డ్ ఐతదో లేదో."

"అయినంత అవనీ."

ఉమ పడుకుంది.

ఉప్పు వాసన. చెంప కింద చలి. ఈసారి ఊపిరి ఆపుకోలేదు. ఆవిరి ఆమె ముఖం ముందే తెల్లగా లేచి, గాలికి చెదిరిపోతోంది. పిట్టలు దగ్గరికి వస్తున్నాయి.

అమ్మ ఇసుక దిబ్బ దాటి వచ్చింది. చూసింది.

బురదలో, ఒక పక్కకి తిరిగి, కదలకుండా... కూతురు.

టీవీలో చూసింది ఇదే. ఇదే ఒడ్డు. ఇదే ముఖం.

అమ్మ కెమెరాని మర్చిపోయింది. ఒక్క మాటనీ మర్చిపోయింది.

"ఉమా!"

ఆ కేకకి పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి. అమ్మ పరిగెత్తుతోంది. డెబ్బై ఏళ్ల మనిషి. ఒక చెప్పు బురదలో ఉండిపోయింది. ఇంకో చెప్పూ ఉండిపోయింది. స్పందన కెమెరా ఆపలేదు. నాన్న ఫ్రేము బయట నిలబడి, లోపలికి రావచ్చో రాకూడదో తెలియక, రెండు చేతులూ గాల్లో పట్టుకుని ఉండిపోయాడు.

ఉమ లేచింది.

అది నటన కాదు. అమ్మ పిలిచింది కాబట్టి లేచింది.

"ఇక్కడే ఉన్నానమ్మా."

అమ్మ ఆమె రెండు భుజాలూ పట్టుకుంది. చెంప మీది బురదని అరచేత్తో తుడిచింది, గట్టిగా, చిన్నప్పుడు తుడిచినట్టు. ఏదో అనాలి. ఇంగ్లీషులో రాలేదు. జపనీస్‌లో రాలేదు. కాకినాడ అత్తగారి కోసం ఎప్పుడో నేర్చుకున్న నాలుగు తెలుగు ముక్కల్లోంచి ఒకటి వచ్చింది.

"తిన్నావా?"

*

"మళ్లీ తీద్దామా?" అంది ఉమ తర్వాత. "సినిమా మొత్తం సుమి అనే పిలిచారు. ఇక్కడ పేరు మారిపోయింది."

స్పందన హెడ్‌ఫోన్స్ తీసి మెళ్లో వేసుకుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. గాలికి అయ్యుండచ్చు.

"ఇంట్ల పిలిచే పేరు వేరే ఉండదా అక్కా? మా ఇంట్ల నన్ను చిట్టి అంటరు. ఆఫీసుల ఎవరికి తెల్సు?"

మళ్లీ తియ్యలేదు.

*

పెద్ద ఫిల్మ్ ఫెస్టివల్ వాళ్లు వద్దన్నారు. చాలా అందంగా ఉంది, కానీ ఆమెకి ఏమీ జరగడం లేదు, అని రాశారు.

ఉమ ఆ మాట స్పందనకి చదివి వినిపించింది. ఇద్దరూ చాలాసేపు నవ్వారు. నవ్వు ఆగింది. అంత కష్టం. అన్ని ఆదివారాలు.

"ఎవరూ చూపించకపోతే మనమే చూపిద్దాం," అంది ఉమ.

పాత క్రైమ్ సీరియల్ వాళ్ల నుంచి ఆ మధ్యలోనే మెసేజ్ వచ్చింది. కొత్త సీజన్‌లో వేషం ఉంది. చనిపోయే ముందు ఈసారి మాటలు కూడా ఉన్నాయి.

ఉమ ఒక్క ప్రశ్న పంపింది. ఆమె పేరేమిటి?

జవాబింకా రాలేదు.

హాలు కోసం శేషగిరి అంకుల్‌ని అడిగింది. కమ్యూనిటీ హాలు తాళంచెవి ఇప్పటికీ ఆయన దగ్గరే ఉంటుంది.

"పాటలున్నాయామ్మా? ఫ్యామిలీస్ వస్తారు."

"పాటలు లేవంకుల్. ఫ్యామిలీ ఉంది."

ఆయన తల గోక్కున్నాడు. తాళంచెవి ఇచ్చాడు.

ఆదివారం మధ్యాహ్నం. కర్టెన్లు సరిగ్గా మూసుకోవు, ఎండ లోపలికి వస్తూనే ఉంది. బొమ్మ వెలిసిపోయినట్టు కనిపిస్తోంది. అయినా జనం వచ్చారు. తెలుగు కుటుంబాలు, అమ్మ దగ్గర చదువుకుని ఇప్పుడు తామే తల్లిదండ్రులైనవాళ్లు, షెడ్డు ఆడవాళ్లు తమ పిల్లలతో. వెలుగు పడని వైపుకి కుర్చీలు లాక్కుని దగ్గర దగ్గరగా కూర్చున్నారు. శేషగిరి అంకుల్ కూర్చోలేదు. మొదటినుంచి చివరిదాకా గుమ్మం దగ్గరే నిలబడి చూశాడు.

ఉమ తెర వైపు చూడలేదు. మనుషుల్ని చూసింది. షెడ్డు సీను రాగానే లాన్ అనే వియత్నామీస్ ఆవిడ తనని తాను చూసుకుని పక్కావిడని మోచేత్తో పొడిచింది. ఒడ్డు సీను రాగానే హాలంతా బిగుసుకుపోయింది. ఇలాంటి పిల్ల ఇలాంటి బురదలో పడుకుంటే తర్వాత ఏమవుతుందో వాళ్లందరికీ తెలుసు. ఎన్నోసార్లు చూశారు.

ఉమా! అన్న కేక.

పిట్టలు లేచాయి.

ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. ఎవరో కాదు... చాలామంది.

సినిమా అయిపోయింది. చప్పట్లు వెంటనే రాలేదు. లాన్ చెయ్యెత్తింది, బళ్లో పిల్లలా.

"రేపు ఆమె పనికి వెళుతుందా?"

  ఇన్నేళ్లలో, ఇన్ని వేషాల్లో, ఏ ఒక్క పిల్ల గురించీ రేపేమిటని ఎవరూ అడగలేదు.

"తెలీదు," అంది ఉమ. "రాయలేదు."

"రేపు సోమవారం," అంది లాన్. "సోమవారం లోడు ఎక్కువ. వెళ్లాలి."

"ఎందుకెళ్లాలి?" వెనకనుంచి ఎవరో తెలుగావిడ. "ఆ పిల్లకి అంత తెలివుంది. మానేసి ఏదైనా కోర్సులో చేరమనండి."

"ముందు డ్రైవింగ్ టెస్టు పాసవ్వాలి," అన్నాడు నాన్న.

"షెడ్డు సూపర్‌వైజర్‌ని అలా తిట్టాక రానిస్తారా అసలు?"

"రానివ్వకపోతే మేం ఊరుకుంటామా?" షెడ్డు ఆడవాళ్లు.

తెలుగులో, ఇంగ్లీషులో, వియత్నామీస్‌లో... ఒకరి మాట మీద ఒకరు. పిల్లలు కుర్చీల మధ్య పరిగెడుతున్నారు. అమ్మ లేచి నిలబడి, ఎవరికో వేలు చూపిస్తూ, జపనీస్ యాస ఉన్న తన ఇంగ్లీషులో గట్టిగా వాదిస్తోంది. సుమికి రేపు సెలవు కావాలట. పిల్ల అలిసిపోయిందట. ఎవరూ నవ్వడం లేదు. అందరూ వింటున్నారు, వింటూనే కాదంటున్నారు.

ఉమ వాళ్ల మధ్య నిలబడి ఉంది.

గుమ్మం దగ్గర తలుపు దానంతటదే తెరుచుకుంది. శేషగిరి అంకుల్ మూశాడు. మళ్లీ తెరుచుకుంది. బే వైపునుంచి గాలి లోపలికి వచ్చింది... ఉప్పుగా, చల్లగా, ఎవరినీ అడక్కుండా.

"మూసెయ్యనామ్మా?" అన్నాడాయన.

"వద్దంకుల్," అంది ఉమ. "ఉండనివ్వండి."